మా తుమ్మకర్ర కారు

కిందటి నెల నా కారు ఆగి ఆగి నడుస్తోంటే ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. చొక్కా మీద చిన్న మరకైనా లేని మెకానిక్ ఒకతను వచ్చి, స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు తగిలించి, చేతిలోని కంప్యూటరు చూసి, ఫలానా సామాను పోయిందని చెప్పాడు. బాగు చెయ్యలేరా అని అడిగాను. ఈ రోజుల్లో ఎవరూ బాగు చెయ్యరు మేడం, మార్చేస్తారు అన్నాడు. అప్పటికింకా బానెట్ ఎత్తనే లేదు. అతను మర్యాదస్తుడు, పని తెలిసినవాడు కూడా. గంటలో కారు నా చేతికిచ్చాడు. ఆ గంటసేపూ అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నాకు తెలియకుండానే కిరసనాయిలు వాసన కోసం వెతుక్కున్నాను. అది దొరకలేదు గానీ, మల్కాపురంలో మా పెరడు, తాటాకు పాక, ఆ పాకలో ఏళ్ల తరబడి మా ఇంట్లో మరో మనిషిలా బతికిన ఒక పాత కారు గుర్తొచ్చాయి.

మా నాన్న అప్పలనాయుడు పద్మనాభం దగ్గర ఒక పల్లెలో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, మీసం రాకముందే పట్నం వచ్చి, ఓడల సామాన్లు మరమ్మతు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా కుదిరాడు. మాది పెంకుటిల్లు, వెనక మునగచెట్టు. రేవు వైపు నుంచి గాలి తిరిగితే ఆరేసిన బట్టల మీద ఇనప ఖనిజం ఎర్రదుమ్ము పడేది. అందుకని మా అమ్మ రమణమ్మ ఎండని బట్టి కాక గాలిని బట్టి బట్టలు ఆరేసేది. నాన్న పని నుంచి రాగానే పెరట్లో రాతి మీద కూర్చుని, రంపప్పొట్టులో కిరసనాయిలు కలిపి చేతులు రుద్దుకునేవాడు. ఆ తరవాత సున్నిపిండి. ఒక్కో వేలూ విడివిడిగా, గోటి చివర దాకా, తొందరన్నది లేకుండా. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అది చేతులు కడుక్కోవడంలా ఉండేది కాదు, పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దుకున్నట్టు ఉండేది.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, జారిన ఇనపదిమ్మ కింద నాన్న ఎడమచెయ్యి పడింది. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. గాయం మానాక ఆయన్ని ఫిట్టరు బెంచీ దగ్గర్నుంచి తీసి స్టోర్సులో కూర్చోబెట్టారు. అడిగిన వాళ్లకి బోల్టులూ నట్లూ అందించడమే పని. జీతం తగ్గించలేదు, మంచివాళ్లే. కానీ నాన్న సాయంత్రం ఇంటికి శుభ్రమైన చేతులతో వచ్చేవాడు. పెరట్లో రాతి దాకా అలవాటుగా వెళ్లి, నిలబడి, వెనక్కి వచ్చేసేవాడు. అన్నం ముందు కూర్చున్నా ఎడమచెయ్యి పంచెలో దాచుకునేవాడు. ఏడాదిలో ఆ మనిషి మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక ఉత్తరానికి సరిపోవు.

అలాంటి రోజుల్లో, మేం భీమిలి అని పిలిచే భీమునిపట్నంలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక నాన్న ఒక్కడే సముద్రం వైపు నడిచి, ఒకప్పటి దొర బంగళా దొడ్లో, సరుగుడు చెట్ల కింద ఒక కారు చూశాడు. చక్రాలు ఇసకలో సగం దిగబడ్డాయి. పైకప్పు మీద సరుగుడాకు మందంగా పేరుకుపోయింది. వెనక సీటులో కోడి పొదుగుతోంది. బానెట్ మీద కంపెనీ పేరుండే బిళ్లని ఎవరో పీకేసుకుపోగా రెండు చిల్లులే మిగిలాయి. యుద్ధానికి ముందు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన బండి అని మాత్రం కావలివాడు చెప్పాడు. మేం వెతుక్కుంటూ వెళ్లేసరికి నాన్న బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు. ఆయన ఎడమచెయ్యి దాచుకోకుండా అందరికీ కనిపించేలా దేనిమీదో ఆనించి నిలబడడం ఏడాది తరవాత అదే మొదటిసారి. వారం తిరక్కుండా, చేతికి పరిహారమని వర్క్‌షాపు వాళ్లిచ్చిన డబ్బంతా పెట్టి ఆ కారు కొనేశాడు.

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ అరవలేదు, ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని ఒక్క మాటే అడిగింది.

"వేళ్లమ్మీసి తుప్పు కొనుక్కొచ్చేవా?"

జవాబు కోసం ఆగకుండా లేచి పక్కింటికి వెళ్లిపోయింది.

కారుని లారీ ఎక్కించిన రోజు నేను కూడా భీమిలిలో ఉన్నాను. అది ఇసకలోంచి కదిలితే కదా! నాన్న, లారీ డ్రైవరు, కావలివాడు కలిసి తోసినా అంగుళం జరగలేదు. అప్పుడు ఒడ్డున పడవ చెక్కుతున్న ఒకాయన బాడిస భుజాన వేసుకుని వచ్చి, కాసేపు చూసి, పేటలోంచి పదిమందిని కేకేశాడు. ఆయన పేరు ఎల్లాజీ. పడవలు కట్టే వడ్రంగి, వేటకీ వెళ్తాడు. చక్రాల కింద దుంగలు వేయించి, కారు నడుముకి మోకు కట్టించి, పడవని ఒడ్డుకి లాగేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నాడు. పాట మూడోసారి తిరిగేసరికి కారు లారీ మీదుంది. నాన్న దణ్ణం పెట్టబోతే ఆయన పట్టించుకోకుండా, తలుపు పక్కన స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"బావా, ఇది ఇనపబండి కాదు. రేకు కింద కర్రుంది. కర్రంతా పుచ్చిపోనాది. మీ ఊళ్లో మెకానిక్కులు దీన్నేటి సెయ్యలేరు. ఇంజను నువ్ సూసుకో, కర్ర నాను సూత్తాను."

పేరైనా అడగకుండా ఆ మనిషి నాన్నని బావా అన్నాడు. ఆ పిలుపు ఇద్దరి మధ్యా చివరిదాకా నిలిచింది.

మల్కాపురంలో మా కారుకి కోళ్లగూడని పేరు పెట్టారు. ఆదివారాలు చూడ్డానికి వచ్చేవాళ్లు. నాన్నకి మతి చలించిందని నాకు వినబడేలాగే అనుకునేవాళ్లు. స్నేహితురాళ్లు ఇంటికొస్తామంటే నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించేదాన్ని. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు నా సిగ్గంతా నాన్నని చూసే.

ఇంజను బిగుసుకుపోయింది. నాన్న అందులో కిరసనాయిలూ ఆముదమూ పోసి వారాల తరబడి ఊరికే ఉంచాడు. రోజూ ఉదయం పనికెళ్లేముందు ఒకసారి చెయ్యి వేసి చూసేవాడు, జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు. చివరికి ఒక ఉదయం అది వెంట్రుకవాసి కదిలింది. ఆ రోజునుంచి విప్పడం మొదలైంది. విప్పడం అంటే కుడిచేత్తో నట్టు తిప్పుతూ, అవతలవైపు బోల్టు తిరక్కుండా ఎడమచేత్తో పానా పట్టుకోవాలి. అదే ఆయన వల్ల కాలేదు. మోకాలితో అదిమాడు, మోచేత్తో అదిమాడు, మిగిలిన రెండు వేళ్లకీ పానాని తాడుతో కట్టుకున్నాడు. పానా జారి చర్మం లేచింది. ఒక ఆదివారం ఉదయం అలా ఒకే బోల్టుతో ఎంతసేపు పెనుగులాడాడో నాకు గుర్తులేదు. అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉంది. కారు ఇంటికొచ్చి నెలలైనా ఆమె ఆ పాక వైపు అడుగు వెయ్యలేదు. పొయ్యి మీద పప్పు దింపి, చేతులు చెంగుకి తుడుచుకుంటూ వెళ్లి, నాన్నకి ఎదురుగా చతికిలబడి, అవతలి పానా పట్టుకుంది. నాన్న తిప్పాడు. బోల్టు వచ్చింది. అమ్మ తరవాతి బోల్టు దగ్గరికి పానా జరిపింది.

అలా మొదలై, ఆర్నెల్లు తిరిగేసరికి మా అమ్మకి ఏ నట్టుకి ఏ పానా పడుతుందో చూపుతోనే తెలిసిపోయేది. విప్పిన ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, ఊరగాయ జాడీల్లో వేసి, మూతలకి గుడ్డ కట్టి, ఏది ఎక్కడిదో నాచేత కాయితం మీద రాయించి అంటించేది. ఆవకాయ పక్కనే పిస్టన్లుండేవి. తలుపు తీస్తే మెంతిపిండి వాసనా గ్రీజు వాసనా కలిసి వచ్చేవి. మునగాకు వేయిస్తూ కూడా వాల్వుల గురించి మాట్లాడేది. కావాల్సిన సామాన్లలో సగం ఎక్కడా దొరకవు. కంచరపాలెం పాతసామాన్ల కొట్లలో నాన్న ఏదో పంపులోని ముక్క తెచ్చేవాడు, దాన్ని ఆకురాయితో అరగదీస్తూ సాయంత్రాలన్నీ గడిపేవాడు. అరగదియ్యడం, పెట్టి చూడడం, మళ్లీ అరగదియ్యడం. ఆయన ఓర్పు చూస్తుంటే నాకు మెల్లగా సిగ్గుపోయి, ఆ స్థానంలో ఇంకేదో వచ్చింది. కాలేజీలో స్నేహితురాళ్లని నేనే పిలుచుకొచ్చి చూపించాను.

వేట లేని రోజుల్లో ఎల్లాజీ మావయ్య భీమిలి నుంచి బస్సులో వచ్చేవాడు, గోనెసంచిలో బాడిసా ఉలులూ, ఇంకో సంచిలో ఎండుచేపలూ పట్టుకుని. రేకులన్నీ విప్పాక లోపలి కర్ర చూస్తే చేత్తో నలిపితే పొడైపోయింది. కొత్త కర్ర కోసం మమ్మల్నందర్నీ భీమిలి రమ్మన్నాడు. అక్కడే ఆయన భార్య నూకాలు అత్తని మొదటిసారి చూశాను. సన్నగా, పొడుగ్గా, చుట్ట అడ్డపొగ పీలుస్తూ, నిప్పు నోట్లో ఉండగానే గలగలా మాట్లాడే మనిషి. ఆవిడ తెల్లారకుండా చేపలగంప నెత్తినెట్టుకుని పట్నం బజారుకి నడిచిపోయేదట. మావయ్య మమ్మల్ని తుమ్మచెట్ల మధ్యకి తీసుకెళ్లి, నిటారుగా ఉన్న చెట్లన్నీ వదిలేసి, వంకర కొమ్మలే ఏరాడు. తిన్నని కర్ర తెచ్చి వంచుకోవచ్చు కదా అని నాన్న అడిగాడు.

"వంచిన కర్ర ఎప్పుడోకప్పుడు తిరగబడతాది బావా. వంగి పెరిగిన కర్ర తిరగబడదు."

కారు పైకప్పు వంపుకి ఒక కొమ్మ, చక్రం మీది వంపుకి ఒక కొమ్మ, అలా ప్రతి వంపుకీ చెట్టు మీదే సరిపోయేది వెతికి కొట్టించాడు. ఆరబెట్టి, చెక్కి, మేకు అన్నది లేకుండా కర్రనే కర్రలో దిగ్గొట్టి, పడవకి పూసినట్టే జీడిపిక్కల నూనె పూశాడు. సందుల్లో దూదీ గుగ్గిలమూ కూరాడు. రేకులు తిరిగి బిగించకముందు ఆ కారు పెరట్లో అచ్చం బోర్లించిన పడవలా ఉండేది. వీధిలో వాళ్లు కోళ్లగూడనడం మానేశారు. ఊరికే వచ్చి చెయ్యి వేసి నిమిరి వెళ్లేవాళ్లు. సీట్లకి ఓడల పాత కాన్వాసు తెచ్చి, లోపల కొబ్బరిపీచు కూరి, దబ్బనంతో అమ్మ కుట్టింది. కుట్టు తిన్నగా రాలేదని మూడుసార్లు విప్పింది.

మూడో ఏడు ఒక ఉదయం ఇంజను పలికింది. నాన్న ముందు హ్యాండిలు పెట్టి తిప్పగా తిప్పగా ఒకసారి దగ్గి, ఊరుకుని, మళ్లీ దగ్గి, ఇక ఆగలేదు. మునగచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. నాన్న లోపలెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎడమచేతిని గేరు కర్ర మీద పెట్టి, తీసేశాడు. అప్పుడు మాకు అర్థమైంది. గేరు కర్ర ఎడమవైపు ఉంటుంది. రెండు వేళ్ల చేత్తో ఆయన దాన్ని పట్టుకోలేడు. మూడేళ్లలో ఈ సంగతి నాకు తట్టలేదు, అమ్మకీ తట్టలేదు. ఆయనకి మొదటిరోజే తెలుసట. తెలిసే కొన్నాడు. నడపడం కోసం కాదు, బాగుచెయ్యడం కోసం కొన్నాను అన్నాడు, అదేదో తప్పు ఒప్పుకున్నట్టు నెమ్మదిగా.

అమ్మ కుచ్చిళ్లు పైకి దోపుకుని, తలుపు తీసి, ఆయన్ని అవతలకి జరగమంది.

"నాను తిప్పుతాను. నువ్ అటేపు కూకో. నీ కుడిసెయ్యి బాగానే ఉంది కదా, గేరు నువ్వెయ్యి."

పద్మనాభం పొలాల్లో నాట్లేసిన మా అమ్మ, అప్పటిదాకా సైకిలైనా ఎక్కని మా అమ్మ, అలా డ్రైవరయింది. ఆమె కాలితో క్లచ్ తొక్కి "ఊఁ" అనేది, ఆయన పక్కనుంచి కుడిచేత్తో గేరు మార్చేవాడు. మొదట్లో ఆ "ఊఁ" ఆలస్యమై బండి ఎగిరెగిరి పడేది. నెల తిరిగేసరికి ఆ మాట అక్కర్లేకపోయింది. ఆమె పాదం కదలిక ఆయనకి ఎలా తెలిసేదో, సరిగ్గా వేళకి చెయ్యి వేసేవాడు. తరవాత అమ్మ గేరు వెయ్యడం తనే నేర్చుకుని లైసెన్సు పరీక్షకి వెళ్లింది. పరీక్ష పెట్టినాయన సన్నని సందులో వెనక్కి నడపమన్నాడట. మా పెరట్లోంచి బయటికి రావాలంటే రోజూ చెయ్యాల్సిన పని అదే కాబట్టి ఆమెకి అది పరీక్షలా అనిపించనే లేదు.

లైసెన్సు వచ్చిన మర్నాడు నాన్న అమ్మని వర్క్‌షాపు గేటు దగ్గరికి కారు తెమ్మన్నాడు. కాలేజీకి సెలవు కావడంతో నేనూ వెళ్లాను. నాన్న లోపలికెళ్లి, పెద్దమేస్త్రీని బయటికి తీసుకొచ్చి, తనని తిరిగి బెంచీ దగ్గర పెట్టమని అడిగాడు. పెద్దమేస్త్రీ కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తించి, ఇంజను చప్పుడు కళ్లు మూసుకుని విని, ఇదంతా ఒంటిచేత్తో ఎలా చేశావని అడిగాడు.

"ఒంటిసేత్తో సెయ్యలేదండి," అన్నాడు నాన్న. "నా వల్ల కానిది అడిగి సేయించుకున్నాను. ఇక్కడా అడుగుతాను."

వేళ్లు పోయిన కొత్తలో ఆయన చావనైనా చచ్చేవాడు గానీ ఆ మాట అనేవాడు కాదు. పెద్దమేస్త్రీ బానెట్ దించి, సోమవారం నుంచి బెంచీ దగ్గరికి రమ్మన్నాడు. రిటైరయ్యేదాకా నాన్న ఆ బెంచీ దగ్గరే పనిచేశాడు. సోమవారం సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో రాతి మీద కూర్చుని రంపప్పొట్టు అడిగినప్పుడు, అమ్మ అది తెచ్చిచ్చి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

కారు మా దగ్గర ఇంకో ఎనిమిదేళ్లుంది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో గాజువాక రోడ్డు నిండా లారీలు తిరుగుతుంటే, వాటి మధ్య ఆ చిన్నబండిని అమ్మ నడుపుకుంటూ పోయేది. నాన్న కళ్లు మందగించాక పాతబళ్లంటే ప్రాణమిచ్చే ఒకాయన అడిగి తీసుకెళ్లాడు. ఇప్పుడు నా కారులో చల్లగాలి వస్తుంది, దారి అదే చెబుతుంది, గేరు అదే మార్చుకుంటుంది. నేను దాన్ని తిట్టుకోవడం లేదు, సుఖంగానే ఉంది. కానీ అందులో ఏముందో నాకు తెలీదు, నాలో ఏముందో దానికి తెలీదు. పోతే పోతుంది, ఇంకోటి వస్తుంది. ఆ తుమ్మకర్ర కారులో మాత్రం నాకు తెలియని ముక్క లేదు. దాన్ని బాగుచేస్తూ మా ఇంట్లో ముగ్గురం బాగుపడ్డాం. దాన్ని నడిపినంతకాలం అమ్మ ఎవర్ని ఎక్కించుకున్నా, ఎక్కడికి తీసుకెళ్లినా, నాకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ఒక్క ప్రయాణమే.

నాన్న తిరిగి బెంచీ ఎక్కిన వారం, మేం భీమిలి వెళ్లాం. మూడేళ్ల పనికి ఏమివ్వమంటావని నాన్న అడిగితే ఎల్లాజీ మావయ్యకి కోపమొచ్చింది. అమ్మ పట్టుబట్టేసరికి, తలవంచుకుని కాలి బొటనవేలితో ఇసకలో గీస్తూ అన్నాడు.

"అయితే ఒకటడుగుతాను సెల్లెమ్మా. నీ వదిన్ని గంపతో ఏ బస్సోడూ ఎక్కించుకోడు. కంపు కొడతాదని దింపేత్తారు. ఒక్కపాలి గంపతోనే బజారుకి తీసుకెళ్లు."

ఆ సీట్లకి అమ్మ మూడుసార్లు విప్పి కుట్టిన కాన్వాసు, దాని మీద ఒక్క మరక లేదు. అమ్మ ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. మర్నాడు పొద్దున్నే నూకాలు అత్త గంప తెచ్చి, తను వెనక కింద కూర్చుంటానంది. అమ్మ ఒప్పుకోలేదు. గంపని వెనక సీటు మీద, నాకూ నాన్నకీ మధ్య పెట్టించి, అత్తని ముందు తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పట్లో సముద్రం పక్క రోడ్డు సన్నం, ఇసక కప్పేసేది. గంపలోంచి నీళ్లు కారి నా లంగా తడిసింది. అత్త చుట్ట వెలిగించలేదు, మాట్లాడలేదు. రోజూ నడిచే దారిని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒక చోట మాత్రం రోజూ ఈ రాయి మీద నాను కూకుంటానమ్మా అంది. ఆ రాయి అప్పటికే వెనక్కి వెళ్లిపోయింది.

బజారు ముందు అమ్మ బండి ఆపింది. గంపలు దింపుకుంటున్న చేపల ఆడవాళ్లు అత్తని చూసి చేతిలో పని ఆపేశారు. నాన్న దిగి గంప దింపాడు. అత్త దిగలేదు. చీరకొంగు భుజం చుట్టూ తిప్పుకుని, నిటారుగా కూర్చుంది.

"ఒక్క నిమిషం ఇలాగే కూకుంటాను రమణమ్మా. ఆళ్లంతా సూడాల."

"కూకో వదినా. తొందరేటి లేదు."

మా వెనక లారీలూ రిక్షాలూ ఆగిపోయాయి. ఎవరో హారను కొడుతూనే ఉన్నారు, ఇంకెవరో తిడుతున్నారు. చల్లారితే మళ్లీ ఎంతసేపు హ్యాండిలు తిప్పితే పలుకుతుందో తెలియని ఇంజను అది. మా అమ్మ అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూసి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది.